చింతయు నిరీక్షణయు



మా యింటి యరుగు మీద ప్రతి సాయంకాలము నలుగురైదుగురు పెద్దలు వచ్చి కూర్చుందురు. అందరును నాగార్జున సాగరు ఎడమ కాలువ క్రింద సేద్యము చేసి తల నెరసినవారు. 2023-24లో కృష్ణకు చాలినంత వరద రాక, జలాశయము నిండక, మా కాలువ క్రింద యాసంగికి నీరు లేకపోయెను. నారు పోయుటకు సమకూర్చుకొన్న విత్తనములు బస్తాలలోనే యుండిపోయినవి. మరుసటి యేడు వానలు మితిమీరినవి. 2024 సెప్టెంబరు నెల మొదటనే కోదాడ చెంత నడిగూడెము మండలములోని కాగిత రామచంద్రాపురము కడ ఆ కాలువకే గండి పడి, పొలములు మునిగిపోయినవి. ఒక యేడు నీరు రాలేదని నిద్ర లేదు. మరొక యేడు నీరు వచ్చి మీదపడినదని నిద్ర లేదు.

అట్టి దినములలో నా కంటె పదేండ్లు పెద్దవాడగు ఒక రైతు నన్ను చూచి, “ఏమయ్యా పంతులూ, మీరు ఆదివారమాదివారము గుడికి పోతరు గదా. ఈ దిగులుకు మీ దేవుని దగ్గర ఏమన్న మందున్నదా?” అని యడిగెను. అతడు వేళాకోళమునకు అడుగలేదు. ముప్పదియైదు సంవత్సరములు బడిలో తెలుగు పాఠము చెప్పిన నా నోరు అప్పుడు పెగలలేదు. ఆకాశవాణివారు నన్ను మాటాడుమని కోరినప్పుడు, ఆ ప్రశ్ననే తీసికొని చెప్పుదునని యొప్పుకొంటిని. మతప్రచారము నా యుద్దేశము కాదు. మన తెలుగు నేలపై, మన వంటి సామాన్యులకు, ప్రాణము మీదికి వచ్చిన వేళ క్రైస్తవ విశ్వాసము ఏ రీతిగా దొరికెనో, అది వారికి ఏమి యిచ్చెనో, ఏమి యియ్యలేదో, నాకు తెలిసినంత చెప్పెదను.

మీలో పెద్దవారు ధాత కరవు మాట వినియుందురు. ధాత నామ సంవత్సరమనగా 1876-77. ఆ యేడును, ఆ మీది యీశ్వర సంవత్సరమును వానలు ముఖము చాటు చేసినవి. దక్షిణ దేశమంతయు ఎండి బీటలు వారెను. బ్రిటిషువారి యేలుబడిలోని ప్రాంతములందే 50 లక్షలకు పైగా జనులు చనిపోయిరని చరిత్రకారుల యంచనా. కరవు పనులు పెట్టిన ప్రభుత్వమువారు కూలి విషయమున బిగబట్టిరి. 1877 జనవరిలో రిచర్డు టెంపుల్ దొర, దినమంతయు మన్ను మోసిన మగవానికి ఒక పౌను ధాన్యము, పైన నొక అణా చాలునని నిర్ణయించెను. పౌననగా నేటి లెక్కలో సుమారు 450 గ్రాములు. చెరసాలలోని ఖైదీకి అంతకంటె మేలైన తిండి దొరకుచున్నదని చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి కార్నిష్ దొర మొఱ్ఱపెట్టెను. గ్రామములలో ముందుగా కూలినవారు కూలివాండ్రు, చర్మకారులు, నేతగాండ్రు. రైతునకు పశువు చచ్చిన నష్టము. పశువే లేనప్పుడు తోలు పని చేయువానికి బ్రతుకే లేదు.

ఆ కాలమున ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా దేశపు బాప్తిస్టు బోధకుడుండెను. 1865లో భరతఖండమునకు వచ్చి, 1866లో ఒంగోలు చేరినవాడు. చిన్నతనమున తన దేశములో భూమి సర్వే పని నేర్చియుండుటచే, కరవు వేళ ఆ విద్య అక్కరకు వచ్చెను. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును ఆయన గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చినవారికి పలుగు, పార, తట్ట చేతికిచ్చెను. తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు కొలతలు కొలిచి కూలి లెక్క వ్రాసినవారే ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పాకల నడుమ కూర్చుండి యేసు కథ చెప్పుచుండిరి. వాంతిభేది వచ్చి పాకలకు పాకలే పాడుపడుచున్న దినములవి. కరవు పనులున్న తావులందు నాడు మరణమన్నది వార్త కాదు.

ఇక్కడ నొక సంగతి గమనింపవలెను. 1877 మార్చి మొదలు సుమారు పదునైదు నెలలు ఆయన యెవ్వరికిని బాప్తిస్మ మియ్యలేదు. వేలకొలది జనులు మమ్ము చేర్చుకొనుమని వచ్చిరి. వచ్చినవారిని ఆయన ఆపెను. అన్నము కొఱకు వచ్చువానిని, దేవుని కొఱకు వచ్చువానిని ఆ ఆకలిలో వేరు చేయుట తన వలన కాదని ఆయనకు తెలియును. కూలి యందరికిని దొరకెను. మతములోని చోటు మాత్రము ఎవ్వరికిని దొరకలేదు. పిమ్మట వానలు కురిసినవి, కరవు పని ముగిసినది, పంచుటకు తెచ్చిన ధనమును ముగిసినది. ఇక నా కడ పైకము లేదు, పోయి మీ పొలము పనులు చూచుకొనుడని ఆయన చెప్పెను. అప్పుడు వచ్చిరి జనులు. 1878 జూలై 3వ తేదీన, అనగా బహుధాన్య సంవత్సరపు ఆషాఢ మాసారంభమున, వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీట నిలిచి, ఒకరు అలసినప్పుడొకరు దిగి ఆ పని నెరవేర్చిరి. ఆ యేడు ముగియులోపల ఆ సంఖ్య 9,000 దాటెను.

“గంజి కొఱకు మతము మార్చుకొన్నవారు” అను మాట మా వంటి కుటుంబములవారు పుట్టినది మొదలు వినుచునే యుందుము. నేను బడిలో చదువునాడు విన్నాను, పండితుడనైన తరువాతను విన్నాను. కోపము తెచ్చుకొనక దీనికి సమాధానము చెప్పవలెనని ప్రయత్నించెదను. గంజి ప్రసక్తియే లేదనుట అబద్ధమగును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టిన చేయి మఱపునకు రాదు. ఆ చేతి వెనుకనున్న మనస్సు ఎట్టిదో తెలిసికొనవలెనని కోరుట సహజము. వీధిలో తమ నీడ పడిన తప్పుకొను మనుష్యులనే చూచిన వారికి, ప్రక్కన కూర్చుండి వాంతిభేది రోగికి నీళ్లు త్రాగించువాడు కనబడినప్పుడు, అదియు ఒక యన్నమే. కాని గంజియే కారణమైనచో, గంజి కుండ బోర్లించిన పిమ్మట గుండ్లకమ్మకు నడచిపోవ నక్కర యేమి?

అంతే కాదు. కరవునకు పదేండ్లు ముందే ఆ మార్గము త్రొక్కినవాడొకడున్నాడు. తాళ్లకొండపాడు వాస్తవ్యుడు యెర్రగుంట్ల పేరయ్య; తోళ్ల వ్యాపారి; మాదిగ కులస్థుడు. అక్షర జ్ఞానము లేకున్నను యోగమార్గమున గురువులను సేవించి, ధ్యానమున కూర్చుండి, దేవుడెవరని యేండ్ల తరబడి వెదకినవాడు. తిండికి లోటు లేని కాలముననే, 1866లో, భార్యతో కూడ ఒంగోలుకు నడచి వచ్చి బాప్తిస్మము పొందెను. వీరి వృత్తాంతములను క్లౌ గారి రెండవ భార్య యెమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అను విదుషి ‘చెప్పులు కుట్టుచుండగా’ అను అర్థము గల పేరుతో 1899లో ఇంగ్లీషున గ్రంథముగా వెలువరించెను. ఆకలి కంటె ముందే వెదకులాట యున్నదని తెలియుటకు పేరయ్య యొక్కడు చాలును. కరవు వేళ పాకల నడుమ బోధించినవారు అతని వంటివారే గాని, కేవలము తెల్లదొరలు కారు. ఈ సంగతి మన చరిత్ర పుస్తకములలో చాలినంత కనబడదు.

మన నల్లగొండకు ఈ బోధ వచ్చిన త్రోవ వేరు, అదియు విచిత్రమైనది. దక్షిణ రష్యాలో, అనగా నేటి యుక్రెయిను దేశమున, జర్మను భాష మాటాడు మెన్నొనైటు సేద్యకాండ్రు కొందరు కాపురముండిరి. వారు పంపగా ఆబ్రహాము ఫ్రీజెన్ అను ఆయన భార్యతో 1889లో నిజాము రాజ్యమునకు వచ్చి, పిదప నల్లగొండలో నిలిచెను. తరువాత వారి పని సూర్యాపేట వరకు వ్యాపించెను. పంపినవారు నాడు కలిగినవారు. గోధుమ పండించి యెగుమతి చేయువారు. 1914లో యుద్ధము వచ్చి వారి సాయము తెగిపోయెను, 1917లో విప్లవము, 1921-22లో ఘోరమైన కరవు. నల్లగొండ బీదల కొఱకు పైకము పంపిన యిండ్లవారే గిన్నె పట్టుకొని, అమెరికాలోని తమ శాఖవారు తెరచిన వంటశాలల ముందు వరుసలో నిలువబడిరి. ఈ సంగతి మొదట చదివినప్పుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఊరక కూర్చుంటిని. గంజి పోయు చేయి యేదో, పట్టు చేయి యేదో కాలమే మార్చును. అట్టి మార్పు వచ్చినప్పుడు పాత విశ్వాసము చాలునా చాలదా అనునది వారి ముందు నిలిచిన ప్రశ్న. మన ముందు నిలుచునదియు నదియే.

ఇక మాటల సంగతి. పండితుడనగుటచే మాట దగ్గర కొంత ఆగక నాకు గతి లేదు, మన్నింపుడు.

నాకు అమరము, వ్యాకరణము చెప్పిన గురువుగారు శ్రోత్రియ బ్రాహ్మణులు. త్రికాల సంధ్య తప్పనివారు. నేను క్రైస్తవుడనని యెఱిగియు నన్ను ఎదుట కూర్చుండబెట్టుకొని చెప్పిరి. ఒకనాడు, “మీరు విశ్వాసము విశ్వాసమందురు గదా, దాని ధాతువేమి?” అని యడిగిరి. నేను తడబడితిని. “శ్వస్ ధాతువురా. శ్వాసలోనున్నదే. విశ్వాసమనగా స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకొనుట. ఎవని యెదుట నీవు బిగబట్టిన యూపిరి విడువగలవో, వానియందు నీకు విశ్వాసమున్నట్టు” అనిరి. క్రైస్తవ బోధకులు నలువదేండ్లలో నాకు చెప్పలేని యర్థమును ఆ సంధ్యావందనపరుడు ఒక్క నిమిషమున చెప్పెను.

రెండవది నిరీక్షణ. తెలుగు బైబిలులో ఈ మాట అడుగడుగున వచ్చును. సువార్తలు తెలుగున తొలుత అచ్చయినది 1812లో, శ్రీరామపురమున. విశాఖపట్టణపు డెస్ గ్రాంజెస్ దొరకు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడగా ఆ యనువాదము సాగెను. నాటినుండి ఎందరో చేతులు వేసి దిద్దిన పిమ్మట మనకు నేటి పాఠము వచ్చినది. అందులో ‘ఆశ’ అని చెప్పదగిన చోటులందు ‘నిరీక్షణ’ అని యుంచుట యెంతో తెలివి. మన పలుకుబడిలో ఆశకు చెడ్డపేరున్నది. ఆశపోతు అందుము, పేరాస అందుము. నిరీక్షణ అట్టిది కాదు. ఈక్ష ధాతువునకు చూచుట అర్థము. కన్ను మరల్పక ఒక దిక్కునకు చూచుచుండుట నిరీక్షణ. వానకై రైతు పడమటి దిక్కును చూచుట నిరీక్షణ. లాటరీ చీటి కొనుట ఆశ. పరీక్ష యను మాటయు ఆ ధాతువునుండియే పుట్టినది. పౌలు రోమావారికి వ్రాసిన లేఖలో, అయిదవ అధ్యాయమున, కష్టమునుండి ఓర్పు, ఓర్పునుండి పరీక్ష, పరీక్షనుండి నిరీక్షణ పుట్టునని ఒక వరుస చెప్పినాడు. మూలమగు గ్రీకున ఆ రెండు మాటలకును చుట్టరికము లేదు. తెలుగున అవి యేకోదరులు. ఇది అనువాదకునకు తెలిసి జరిగినదో, దానంతట జరిగినదో గాని, నా వంటివానికి పండుగ.

ఇంతవరకు చెప్పినది చదువు. చదువు చాలని దినమొకటి నాకు వచ్చినది.

మా తండ్రి గుండ్లకమ్మ తీరమునుండి 1957లో సాగరు ఆనకట్ట పనికి వచ్చినవాడు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ కట్టడము రాతి కట్టడము. 124 మీటర్ల యెత్తున, మనుష్యులు నెత్తిన మోసిన రాళ్లతో లేచినది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచినప్పుడు నేను ఏడేండ్లవాడను, మా తండ్రి భుజము మీద నుంటిని. “మా ముత్తాత కరవులో కాలువ త్రవ్వి బ్రతికినాడు, నేను కరవు రాకుండ కాలువకు రాళ్లు మోసినాను” అని ఆయన జీవితాంతము చెప్పుకొనెడివాడు. కావున చింత లేని బ్రతుకు నాకు దక్కినదనియే నేను తలచితిని. ఉద్యోగము, ఇల్లు, రెండెకరముల మాగాణి, 2018 నుండి పింఛను.

2021 మే నెలలో నా భార్యకు కరోనా సోకెను. పదకొండు దినములు ఆసుపత్రిలో ఊపిరి కొఱకు పెనగులాడినది. నన్ను లోనికి రానీయలేదు. బయట వేపచెట్టు క్రింద నిలువబడి నేను చేసినది ప్రార్థన యని నాడనుకొంటిని. ఇప్పుడు తలచుకొన్న అది బేరము. ఈమెను లేపితివా, నా పింఛనులో సగము నీ గుడికి. లేపవా, నీ గడప త్రొక్కను. ఇదే నేను దేవునితో ఆడిన మాట. పదకొండవ నాడు తెల్లవారుజామున ఆమె పోయినది. విశ్వాసమున శ్వాస యున్నదని గర్వముగా చెప్పుకొన్నవానికి ఆ మాట తలచుకొన్నప్పుడెల్ల గొంతు పట్టెడిది.

బోధకులు వచ్చి ఓదార్చిరి, వాక్యములు చదివిరి. నేను వినలేదు. వారి తప్పేమియు లేదు. మా పొలమున కలుపు తీయు ఒక ముసలమ్మ మాత్రము ప్రతి ఉదయము ఒక ముంత యంబలి తెచ్చి గడప యవతల పెట్టి, దూరముగా కూర్చుండెడిది. “తాగు సారూ, మాట్లాడకు” అనునది తప్ప మాట లేదు. నలువది దినములు తెచ్చినది. ఆమె క్రైస్తవురాలు కాదు, ముత్యాలమ్మకు బోనమెత్తునది. నా కడనుండి ఆమెకు రావలసినదేమియు లేదు, నన్ను మార్చవలసినదియు లేదు. ఆ యంబలి త్రాగుచు ఒకనాడు నాకు క్లౌ దొర మూసి యుంచిన ఆ పదునైదు నెలలు జ్ఞాపకము వచ్చినవి. గంజి కొఱకు మతమని లోకము నా ముత్తాతను నిందించినది. అరువది యేండ్ల వయస్సున, కడుపు నిండ తిన్నవాడను, వేపచెట్టు క్రింద గంజి కొఱకు బేరమాడినవాడను నేను.

ఆ పిమ్మట సువార్తను మరల మొదటినుండి చదివితిని, పరీక్షకు చదువు పిల్లవానివలె. చింతపడవలదని యేసు చెప్పిన భాగము మత్తయి ఆరవ అధ్యాయమున నున్నది. ఆకాశ పక్షులను చూపి చెప్పిన యా మాటను సోమరితనమునకు వాడుకొనువారున్నారు. మా పొలము గట్టున కొంగలను చూడుడు. తెల్లవారక మునుపే నాగలి వెనుక నడచును. పిట్ట పనికి పోకుండ కూర్చుండదు. రాత్రి గూటిలో రేపటి లెక్క వేయదు, అంతియే. ఇంకొకటి, పూర్వము నేను దాటిపోయినది: పట్టువడుటకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో యేసు తానే కలతపడెను. మిత్రులను మేల్కొని యుండుమని వేడెను, వారు నిద్రపోయిరి. ఈ గిన్నె నా యొద్దనుండి తొలగింపుమని తండ్రిని అడిగెను, అది తొలగలేదు. అయినను బేరము మాత్రము పెట్టలేదు. భయము కలుగుట అవిశ్వాసము కాదని ఆ రాత్రి వలన నేను తెలిసికొంటిని. భయపడుచునే ఒక దిక్కునకు చూచుచుండవచ్చును. నా భార్య మరల లేచునని క్రైస్తవుడనైన నేను నమ్ముచున్నాను. ఆ నమ్మిక నా రాత్రులను పొట్టిచేయలేదు. ఇప్పటికిని మూడు గంటలకు మెలకువ వచ్చును. వచ్చినప్పుడు ఇప్పుడు ఊపిరి విడువగలుగుచున్నాను.

ఈ సంగతులన్నియు మా యరుగు మీది పెద్దకు కొన్ని దినములు పట్టి చెప్పితిని. అతడు చుట్ట ఆర్పి అంతయు విని, “అయితే మందు లేదంటవు” అనెను. లేదంటిని. “అట్లనే చెప్పవైతివి ముందుగాల” అని నవ్వెను.

లేచి ఇద్దరమును కాలువ కట్ట మీదికి పోతిమి. నీరు లేదు, అడుగున మేకలు మేయుచుండెను. లస్కరు సైకిలు దిగి, పైన నీరు విడిచినారనియు, నాలుగవ నాటికి మా తూమునకు అందుననియు చెప్పెను. నిజమేనా యని ముసలివాడు రెండుమారులు అడిగెను. పిమ్మట నా భుజము మీద చేయి వేసికొని గట్టు దిగుచు, వడ్లు నానబోయుమని చెప్పుటకు మనుమనికి ఫోను చేయించెను.